నిన్నటి దెబ్బ

సికింద్రాబాద్, రెజిమెంటల్ బజార్. మధ్యాహ్నం రెండున్నర. డాక్టర్ షిరీన్ పళ్ల క్లినిక్‌లో, కుర్చీ మీద దవడ విరిగిన మనిషి; అతని మీదకు వంగి షిరీన్; ఎక్స్‌రే తెర దగ్గర ముసలి ఆయా అక్బర్ బీ.

"మళ్లీ ఒకసారి చెప్పండి, ఉదయ్‌కిరణ్ గారూ. ఎప్పుడు పడ్డారు?"

"చెప్పాను కదండీ డాక్టరు గారూ. నిన్న సాయంత్రం. బేగంపేట మెట్రో కింద బైకు జారింది. గెడ్డం డివైడరుకి కొట్టుకుంది. నలుగురు చూశారు కూడా."

"నలుగురు చూశారని చెప్పడం ఇది మూడోసారి."

"చూశారు కాబట్టి చెప్తున్నాను. మీరు సర్టిఫికెట్ రాసిచ్చేస్తే వెళ్లిపోతాను. దవడ ఎముక విరిగింది, నిన్న విరిగింది. రెండే ముక్కలు. ఎంతసేపండీ?"

"నోరు తెరవండి. ఇంకొంచెం. ఇక్కడ పట్టుకొని ఊపితే నొప్పి ఉందా?"

"ఆఁ... ఉంది. ఉందండీ."

"నేనింకా ఊపలేదు."

"మీ చెయ్యి తగిలితేనే ప్రాణం పోతోంది."

"ఇప్పుడు ఊపుతున్నా. నిన్న విరిగిన ఎముకైతే రెండు ముక్కలూ వేర్వేరుగా కదలాలి. మీది కదలట్లేదు."

"నాకు ఎముకలు గట్టి. మా నాన్నగారూ అంతే."

"వాపు సుత పైపైననే ఉంది బేటీ. తోలు గీరుకపోయింది, గంతే."

"ఆవిడెవరండీ మధ్యలో?"

"అక్బర్ బీ. నాకు పిన్నిలాంటిది, ఖాలా అంటాను. ఈ క్లినిక్‌లో నాకంటే పాత. ఖాలా, ఎక్స్‌రే తెర మీద పెట్టు. ఇటు చూడండి. ఇది మీ కింద దవడ. గడ్డానికి ఎడమ పక్కన ఏటవాలుగా నల్ల గీత కనిపిస్తుందా? అక్కడ విరిగింది."

"విరిగిందిగా. అదే రాయండి."

"ఆ గీతకు కొంచెం ఇవతల చూడండి. తెల్లగా, మబ్బులాగా."

"ఏంటది?"

"విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు వచ్చే కొత్త ఎముక. ఇది ఒక్క రోజులో రాదు. కనీసం మూడు వారాలు పడుతుంది."

"ఇరవై మూడు రోజులకే అంత తెల్లగా కనబడిపోద్దా?"

"ఇరవై మూడు అని నేననలేదు."

"మీరే అన్నారు."

"మూడు వారాలన్నాను. అంటే ఇరవై ఒకటి."

"బేటీ, నేను జెర బయటికి పోయి చాయ్ చెప్పొస్త."

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు మామ్మగారూ. ఆ షట్టరు కిందికి లాగండి. లాగమంటున్నా. ఇది కూరగాయలు తరిగే కత్తి కాదు, చూశారుగా."

"ఖాలా, ఆయన చెప్పినట్టు చెయ్యి."

"లోపల గొళ్లెం కూడా. ఆఁ. ఇప్పుడు ఫోన్లు. డాక్టరు గారూ, మీ ఫోను ఆ బల్ల మీద పెట్టండి. మామ్మగారిది?"

"నాకు ఫోన్ లేదు. ఉన్నా నీ అసుంటోనికి ఇయ్య."

"ఖాలా."

"లేదంటున్న గద. పాన్ డబ్బీ ఉంది. తింటవా, నీ దవడ ఆడితే?"

"మామ్మగారిని ఈ స్టూలు మీద కూర్చోబెట్టండి. నా పక్కన. దగ్గరగా. ఈ కత్తి కొస ఎక్కడుందో ఆవిడకి తెలుస్తూ ఉండాలి. మీకు కాదు డాక్టరు గారూ, ఆవిడకి. మీ చేతులు నాకు పనికొస్తాయి."

"ఆమెకు అరవై ఆరేళ్లు."

"అయితే ఎక్కువ బలం పెట్టక్కర్లేదు. ఇప్పుడు చెప్పండి. పోలీసుల కాగితం ఇక్కడికి వచ్చిందా?"

"ఏ కాగితం?"

"నాటకాలొద్దు. పళ్ల డాక్టర్లందరికీ పంపారంట."

"వచ్చింది. మీ వెనకాల గోడకే ఉంది."

"చదవండి."

"మీకు తెలిసిందేగా."

"చదవమన్నాను."

"ఏ.ఎస్. రావు నగర్‌లో స్వర్ణలత అనే గృహిణిని గొంతు నులిమి చంపారు. భర్త నాగసాయిని అరెస్టు చేశారు. ఆ సమయంలో హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి, గడ్డం కింద రెండు చేతులు పెట్టుకొని రక్తం కార్చుకుంటూ మెట్లు దిగాడని పక్కింటి కాంతమణి చెప్పింది. కింద దవడ విరిగినవాళ్లు వైద్యానికి వస్తే స్టేషన్‌కు తెలపాలి. ఇంతే."

"తారీఖు?"

"ఇరవై మూడు రోజుల కింద."

"ఆ కాంతమణి నోరు ఒక్కటి లేకపోతే ఈ తిప్పలే ఉండేవి కావు. నాగసాయి నా పేరు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పెళ్లాన్ని చంపినోడు ఎవడో ఒకడి మీదకి తోస్తాడు కదా. కానీ ఈవిడ దవడ, దవడ అని పట్టుకుంది. రేపు పదకొండింటికి నన్ను పిలిచారు. సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయిస్తారు."

"గందుకని నిన్న బండి మీదికెల్లి పడ్డవా?"

"పడ్డాను. కావాలనే. నలుగురి ముందు. ఒకాయన నీళ్లు కూడా ఇచ్చాడు. గెడ్డం డివైడరుకేసి కొట్టుకున్నాను, మళ్లీ విరుగుతుందని. విరగలేదు."

"అతుక్కుంటున్న ఎముక అంత తేలిగ్గా విరగదు."

"సంతకం పెట్టు, డాక్టరు. గారూ గీరూ అయిపోయింది. నిన్నటి తారీఖు వేసి సంతకం పెట్టు. లేదంటే మామ్మగారి పొట్టలో ఈ కత్తి పిడిదాకా దిగుద్ది. ఆ తర్వాత నీ వంతు."

"పెడతా. ఇప్పుడే పెడతా. కానీ రేపు వాళ్లు ఎక్స్‌రే తీస్తే నా సంతకం నిన్ను కాపాడదు."

"ఎందుకు కాపాడదు?"

"ఎముక నా సంతకం చూసి పెరగదు కాబట్టి. విన్నావా, విరిగిన రోజు ఆ సందులో రక్తం నిండి గడ్డకడుతుంది. వారానికి ఆ గడ్డలోకి సన్న సన్న రక్తనాళాలు పాకి, ఎర్రటి మెత్తటి కండలాగా అవుతుంది. రెండో వారానికి అది సాగే మెత్తటి ఎముక. పిల్లల చెవి పట్టుకుంటే ఎట్లుంటది, అట్ల. మూడో వారానికి దాంట్లో సున్నం ఎక్కడం షురూ అవుతుంది. ఆరు వారాలకు నమలచ్చు. ఆ తర్వాత కూడా నెలల తరబడి ఎముక తనను తాను చెక్కుకుంటూనే ఉంటది. నువ్వు సరిగ్గా మధ్యలో ఉన్నావు. సున్నం ఎక్కింది. అదే ఆ మబ్బు."

"దాన్ని కనబడకుండా చెయ్యడానికి ఏదన్నా మందుందా?"

"లేదు."

"ఎక్స్‌రే తీసేవాడికి కనపడకపోవచ్చు."

"నాకు కనపడింది. రేపు అక్కడ ఇద్దరు ముగ్గురు డాక్టర్లు చూస్తారు. నా కాగితం మీద నిన్న అని ఉంటుంది, ఎముక మీద మూడు వారాలని ఉంటుంది. మొదట నన్ను పిలుస్తారు. నేనేం చెప్పాలి?"

"నువ్వు చెప్పేదాకా ఉంటావని ఎవరన్నారు?"

"నన్ను చంపితే ఆ మబ్బు పోదు."

"మరి ఏం చెయ్యమంటావు? చెప్పు. ఏదో ఒకటి ఉండే ఉంటది. లేకపోతే ఇంత తీరిగ్గా పాఠం చెప్పవు."

"ఒక్కటే దారి. అదే చోట మళ్లీ విరగాలి. కొత్త ఎముక అంతా గీకి తీసేయాలి. అప్పుడు అది నిన్నటి దెబ్బ అవుతుంది."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"వంకరగా అతుక్కున్న దవడను మళ్లీ విరగ్గొట్టి సరిగ్గా కట్టడం నా పనిలో ఒకటి. నెలకు ఒకటైనా వస్తది. నీకు ఎట్లయినా ఎప్పుడో ఒకప్పుడు చెయ్యక తప్పదు. పై పళ్లు కింద పళ్లు కలవట్లేదు. జన్మంతా జావ తాగుతావా?"

"ఎంతసేపు పడుద్ది?"

"విరగ్గొట్టడం ఒక్క నిమిషం. గీకడం, కట్టడం ఓ అరగంట."

"ఆ తర్వాత ఎక్స్‌రేలో?"

"మబ్బు ఉండదు."

"షట్టరు ఎవరు కొడుతున్నారు? ఎవరది? చప్పుడు చెయ్యకండి."

"డాక్టరమ్మా, నేను కుసుమకుమారిని. మూడింటికి రమ్మన్నారు కదా, పన్ను గుల్లకి. ఇదేంటి మూసేశారు?"

"కత్తి ఎక్కడుందో మామ్మగారికి తెలుసు. ఒక్క మాట తేడా వస్తే చాలు. పంపించెయ్."

"కుసుమకుమారి గారూ, కరెంటు ప్రాబ్లెం ఉందండీ. మిషన్ నడవట్లేదు. రేపు రండి."

"పక్కన జిరాక్సు షాపులో ఉందే కరెంటు?"

"మా ఒక్క లైనే పోయింది. రేపు పదింటికి మొదటి నంబరు మీదే."

"నొప్పిగా ఉందమ్మా."

"లవంగం పెట్టుకోండి. రేపు తప్పకుండా చూస్తా."

"పోయింది. గామె పన్ను మూడు నెల్లకెల్లి నొస్తంది, పాపం. నువ్వు గాకపోతే ఇయ్యాల తీరిపోతుండె."

"నోరు ముయ్యి మామ్మా. డాక్టరు, మొదలుపెట్టు."

"ముందు సూది వెయ్యాలి. దవడ మొద్దుబారాలి."

"సూది వద్దు."

"మత్తు లేకుండా తట్టుకోలేవు."

"మత్తిచ్చి పడుకోబెడతావు. లేచేసరికి చేతులకి బేడీలుంటాయి. నేనేమన్నా పిచ్చోడిలా కనబడుతున్నానా? సూది వద్దు. నీ చేతిలో సూది కనబడితే ఈవిడ పేగులు బయట ఉంటాయి."

"ఒట్టి దవడకే. మనిషికి కాదు."

"వద్దన్నానుగా. ఇరవై మూడు రోజులు ఈ నొప్పితో హెల్మెట్ పెట్టుకొని తిరిగాను. ఇంకో నిమిషం ఓర్చుకోలేనా?"

"సరే. నీ ఇష్టం. అయితే కొన్ని విషయాలు చెప్పాలి. కట్టు ఎవరు కట్టారు?"

"ఎవరూ కట్టలేదు."

"కట్టకపోతే ఇంత గట్టిగా అతుక్కోదు."

"ఘట్‌కేసర్ అవతల ఎముకలు కట్టే పహిల్వాన్ ఒకడు. గుడ్డు సొన, పసుపు, గుడ్డ పీలికలు. పేరు అడగలేదు, చీటీ రాయలేదు. అందుకే వెళ్లాను."

"పాత పహిల్వాన్లు మెడకెల్లి మీదికి చెయ్యి వెట్టరు. చెయ్యో కాలో అయితెనే కడ్తరు. ఎవడో కొత్తోడు. గందుకే వంకర పోయింది."

"దెబ్బ ఏ వైపు నుంచి పడ్డది?"

"అదెందుకు నీకు?"

"గీత ఏటవాలుగా పోయింది. దెబ్బ పడ్డ దిక్కునే బలం పెట్టాలి. తప్పు దిక్కున పెడితే చెవి కింద ఇంకో చోట విరుగుతుంది. అప్పుడు నీకు రెండు విరుగుళ్లు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. రేపు ఏం చెప్పుకుంటావో నువ్వే చూసుకో."

"ఎడమ పక్క నుంచి."

"పై నుంచా, కింది నుంచా?"

"కింది నుంచి. ఆమె పొట్టి."

"దేనితో?"

"అది కూడా కావాలా?"

"కర్రతోనా, రాయితోనా అన్నదాన్ని బట్టి ఎముక లోపల ఎంత నలిగిందో తెలుస్తుంది. నలిగిందంతా తీసేయాలి."

"పచ్చడి బండతో. వంటింటి గట్టు మీద ఉంది. నేను ఆమెని గట్టుకి అదిమి పట్టుకున్నాను, గొంతు మీద చేతులు. ఆమె చెయ్యి వెనక్కి పెట్టి తడుముతూనే ఉంది. గ్లాసులు కింద పడ్డాయి. తర్వాత ఆ బండ దొరికింది."

"ఒక్కసారే కొట్టిందా?"

"ఒక్కసారే. నా తలలో బల్బు పేలినట్టయింది. నోట్లో పన్ను ఒకటి తిరుగుతోంది, నాలుక కింద."

"అప్పుడు వదిలేశావా?"

"లేదు. దెబ్బ తిన్నాక ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఆమె మొహం మీద నా రక్తం పడుతోంది. తర్వాత తువ్వాలుతో తుడిచాను. తువ్వాలు, బండ చొక్కాలో దోపుకొని తెచ్చాను. ఇప్పుడవి చెరువులో ఉన్నాయి. చాలా నీకు? ఎముక ఎంత నలిగిందో తెలిసిందా?"

"ఏం జేసింది బిడ్డా ఆమె నీకు?"

"నీకెందుకు మామ్మా?"

"నా డొక్కల కత్తి వెట్టి కూసున్నవ్. నాకు గాక ఎవరికి జెప్తవ్?"

"నాగసాయిది, నాది ఒకే ఊరు. తణుకు. వాడే నన్ను ఇక్కడికి తెచ్చి ఉద్యోగంలో పెట్టించాడు. వాళ్లింట్లోనే భోంచేసేవాణ్ణి. ఆవిడ నన్ను అన్నయ్యా అని పిలిచేది. అలా పిలవద్దన్నాను. పిలిచేది. పదిసార్లు చెప్పాను. ఆ రోజు కూడా తలుపు తీసి, ఏంటన్నయ్యా ఈ వేళప్పుడు అంది. నేను చేసిన ఫోన్లన్నీ సాయంత్రం వాళ్లాయనకి చెప్పేస్తానంది. అన్నయ్యా అంటూనే."

"గందుకు సంపినవా?"

"అందుకే అనుకో."

"అన్న అంటే సంపినోన్ని నిన్నే జూస్తున్న."

"డాక్టరు, ఈవిడ నోరు ముయ్యించు. మొదలుపెట్టు."

"తల వెనక్కి ఆనించు. ఖాలా, పైపు పట్టుకో. రక్తం వస్తే పీల్చెయ్యి, గొంతులోకి పోకుండా. ముందు పంటి చిగురు కోస్తా. కదలకు."

"ఆఁ... ఆఆ..."

"ముక్కుతో ఊపిరి పీల్చు. కదిలితే నాలుక తెగుతుంది. సూది ఇప్పుడైనా వేస్తా."

"వొ... వొద్దు."

"మొండోడే."

"ఎముక కనిపిస్తోంది. అతుకు మీద ఉలి పెడతా. సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి, తర్వాత నా బొటనవేళ్లు పెట్టి కిందికి విరుస్తా. ఖాలా, నువ్వు పక్కకు జరుగు."

"అంఅం."

"వద్దంటున్నడు."

"చూడు ఉదయ్‌కిరణ్, నొప్పికి నీ చెయ్యి దానంతట అదే గుంజుకుంటది. ఆ కత్తి ఆమె పొట్టలోకి పోతది. ఆమె పోతే పైపు ఎవరు పట్టుకుంటారు? నీ రక్తం నీ గొంతులోకే పోయి చస్తావు. జరగనీ."

"అంఅం."

"బేటీ, వాడు ఒప్పుకోడు. కొట్టు."

"ఖాలా, కొట్టలేను. నీకు తగులుతుంది."

"నిన్ను పదో ఏటికెల్లి ఎరుగుదు. బల్లిని సుత కొట్టకపోదువు. ఇయ్యాల కొట్టు. నా సంగతి నేను సూస్కుంట."

"ఖాలా..."

"కొట్టమంటున్న గద."

"కొడుతున్నా."

"యా అల్లా. ఎండు కట్టె ఇరిగినట్టు."

"ఇంకా పూర్తిగా రాలేదు. సగం పట్టుకొని ఉంది. వేళ్లతో విరుస్తున్నా. ఆగు... ఆగు... వచ్చింది."

"వాని కండ్లు తేలిపోయినయ్."

"స్పృహ పోయింది. ఖాలా, ఈ రక్తం ఎవరిది? నేల మీద ఇంత... ఇది వాడిది కాదు. నీ చెయ్యి చూపించు."

"సూడకు."

"ఖాలా, చెయ్యి."

"కత్తి వాదర పట్టుకున్న. నువ్వు సుత్తి ఎత్తంగనే పట్టుకున్న. పొట్టలకు రానియ్యలే. ఇంకా వదల్తలేను, వీడు ఎప్పుడు లేస్తడో అని."

"వాడి వేళ్లు ఒక్కొక్కటే విప్పుతున్నా. ఇప్పుడు వదులు. మెల్లగా. అరచేయి ఎముకదాకా తెగింది. ముందు నీకు కట్టాలి."

"ముందు వాన్ని కట్టు. నాది ఒట్టి రక్తమే. వాడు లేస్తే మన పానం."

"ఈ గుడ్డ గట్టిగా చుట్టుకొని చెయ్యి పైకి ఎత్తి పట్టు. ఆ సీసా ఇటు జరుపు, మందు నీళ్లది. అతుకు మీద పెరిగిన ఎముక గీకుతున్నా. ఇదిగో, ముక్క. ఇంకోటి. సీసాలో వెయ్యి, కింద పడనియ్యకు."

"గిదేంది, జున్ను లెక్క ఉంది."

"గీకితే ఇసుకలాగా తగులుతోంది. సున్నం ఎక్కుతోంది కదా. మూత బిగించు. ఇప్పుడు తీగ."

"సన్నదా?"

"లావుది. ముందు పై పళ్లకు, తర్వాత కింది పళ్లకు, తర్వాత రెండూ కలిపి. ఇంత బిగుతుగా ఎప్పుడూ కట్టలేదు. పైపు పెదవి మూలన పెట్టు, ఊపిరి ఆడాలి. ఈ కొస కుర్చీ వెనక కడ్డీకి."

"కడ్డీకి ఎందుకు? ఓ... సమజైంది."

"బల్ల మీద నా ఫోను తీసుకొని పోలీసులకు చెయ్యి. మంచి చేత్తో."

"హలో. ఆఁ, రెజిమెంటల్ బజార్ కెల్లి. పళ్ల దవాఖాన, షట్టర్ ఏసుంది. మీరు దేవులాడుతున్న దవడ మా తాన ఉంది. మనిషి సుత ఉన్నడు. జల్ది రాండ్రి. ఏందీ? నా పేరు ఎందుకయ్యా, వాని పేరు రాస్కో. ఉదయ్‌కిరణ్."

"ఊఁ... ఊఁఊఁ..."

"లేచిండు బేటీ."

"కదలకు, ఉదయ్‌కిరణ్. నీ పై పళ్లు, కింది పళ్లు కలిపి కట్టాను. ఆ తీగ కొస నీ తల వెనక ఇనుప కడ్డీకి ఉంది. తల గుంజితే ముందు పళ్లు వస్తయ్, ఆ వెనకే విరిగిన దవడ వస్తది. చేతులు కూడా లేపకు. ఏ ముడి ముందు విప్పాలో నాకే తెలుసు. తప్పుది లాగితే ఎట్లుంటదో ఇప్పుడే చూశావు."

"ఊఁఊఁ..."

"స్వర్ణలత గిట్లనే మూల్గిందా? నోట్ల మాట రాక?"

"వద్దులే ఖాలా. ఆ సీసా చూపించు వాడికి. చూశావా? నీ ఎముక. ఇరవై మూడు రోజులు పెరిగిన ఎముక. దీన్ని పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఎన్ని వారాలదో తెలిసిపోతది. నీ రక్తం కూడా అందులోనే ఉంది. రేపు నువ్వు కాదన్నా అది కాదనదు."

"ఊఁ."

"ఏడుస్తున్నడు."

"ఏడవనీ. కన్నీళ్లకు దవడతో పని లేదు. నీ చెయ్యి ఇటివ్వు. కుట్లు వెయ్యాలి. నీకు మాత్రం సూది వేస్తా."

"ఎయ్యి. నాకేం బేడీల భయం లేదు. అబ్బ. జెర మెల్లగ."

"ఏడెనిమిది కుట్లు పడతాయి. వేళ్లు ఆడించు. ఆడుతున్నాయి. నరం బాగానే ఉంది."

"బేటీ, ఒక మాట అడుగుత. కోపం జేస్కోకు."

"అడుగు."

"రేపు సర్కారు దవాఖానల సుత ఎక్స్‌రే తీస్తుండ్రి గద. గీ తెల్ల మబ్బు ఆళ్లకు సుత కనబడ్తుండె గద. వాడు ఎట్లన్న దొరుకుతుండె. మరి ఇయ్యాల సంతకం వెట్టి ఉత్తగ పంపియ్యకపోయినవా? నా అరచెయ్యన్న మిగులుతుండె."

"ఏ మబ్బు, ఖాలా?"

"గదే, తెర మీది మబ్బు. కొత్తెముక అంటివి."

"అది వాడి మెడ వెన్నుపూసల నీడ. మిషన్ తల చుట్టూ తిరుగుతుంది కదా, ఎవరికి తీసినా గడ్డం దగ్గర అట్ల పడుతుంది. నీకు తీసినా పడుతుంది."

"మరి గా కొత్తెముక ఏడ ఉంది ఎక్స్‌రేల?"

"ఎక్కడా లేదు. దవడలో మూడు వారాల ఎముక ఎక్స్‌రేకు ఆనదు. విరిగిన గీత మాత్రం నెలల తరబడి అట్లనే నల్లగా కనిపిస్తది. దవడ కదలకపోతే, గోడ మీద కాగితం చూసి, ఒక రాయి వేసి చూశాను. మిగతాదంతా వాడే చెప్పాడు. రేపు అక్కడ ఎక్స్‌రే ఎవరు చూసినా నిన్నటి దెబ్బే అని రాసేవాళ్లు, ఖాలా. వాడికి నా కాగితంతో పనే లేదు."